నలభయ్యో శాకాహారి

మా ఆఫీసులో ముప్పై తొమ్మిది మంది మాంసాహారులున్నారన్న సంగతి పోయినేడాది జూలై రెండో సోమవారం దాకా ఎవరికీ తెలియదు. అంతవరకూ అందరం ఉద్యోగులమే అనుకుంటూ వచ్చాం.

మాది సముద్రతీర ఉప్పు నిల్వల పర్యవేక్షణ కార్యాలయం. కాకినాడలో రేవుకి వెళ్ళే దారిలో, ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా ఊడిపోయే పాత మేడ. ఎక్కడ ఎంత ఉప్పు పోగుపడింది, వానకి ఎంత కరిగింది అని చూసి రాసుకోవడం మా పని. ఉప్పు తన పని తాను చేసుకుపోయే వస్తువు కనుక మాకు తీరిక ఎక్కువ. ఆ తీరికలోంచే పై అధికారులకి ఆలోచనలు పుడుతుంటాయి. మేం వాటిని అమలు చేస్తుంటాం. నేను చెప్పిన మాట వినే గుమస్తాని. ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు వచ్చింది ఒకే ఒక్క మెమో. అదీ తర్వాత రద్దయింది. "సదరు మెమో అసలు జారీ కానట్లే భావించవలెను" అని ఆర్డరు ఇచ్చారు. ఆనాటి నుంచీ అలాగే భావిస్తున్నాను.

జూలై మొదట్లో మా డైరెక్టర్ చిదంబరేశ్వర్ గారు కొండల్లో ఎక్కడో ప్రకృతి చికిత్స శిబిరానికి వెళ్ళి పది రోజులుండి వచ్చారు. వెళ్ళేటప్పటి కంటే నాలుగు కిలోలు తగ్గారు. తగ్గిన చోటంతా ఉత్సాహం నిండింది. సోమవారం పొద్దున్నే సర్క్యులర్ వచ్చింది.

"కార్యాలయ సిబ్బందిలో మాంసాహార ప్రవృత్తిని విసర్జించి నూతనముగా శాకాహార మార్గమున ప్రవేశించువారికి, ప్రతి పనిదినమున ఉదయం తొమ్మిదిన్నర గంటలకు ఉపాహారశాల యందు సులభమును, ఉదరపూరకమును, మాంసరహితమును అగు ఉపరిలేపనముతో కూడిన కాల్చిన రొట్టె ఉచితముగా అందజేయబడును. ఒక మండలము దినములలో నలుబది మంది నూతన శాకాహారులను తయారుచేయుట లక్ష్యము."

ఉపరిలేపనం అంటే టోస్టు మీద పెట్టేది. ఉదరపూరకం అంటే కడుపు నిండేది. నలభై మందే ఎందుకని అడిగితే, మండలం అంటే నలభై రోజులు కనుక అన్నారు. రోజులకీ మనుషులకీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు.

సంక్షేమాధికారి త్రివిక్రమ్ గారు రిజిస్టరు పట్టుకుని బల్లబల్లకీ తిరిగారు. అందులో మూడు గళ్ళున్నాయి. మాంసాహారి, పుట్టు శాకాహారి, సందిగ్ధం. నా దగ్గరికి వచ్చారు.

"గవర్రాజు గారూ, మీరు తింటారా?"

"మా ఆవిడ ఉన్నప్పుడు తినేవాణ్ణండి."

"ఇప్పుడు?"

"నాకు వండటం రాదు. హోటల్లో తినాలనిపించలేదు. మూడేళ్ళయింది."

"అంటే, మానెయ్యాలని సంకల్పించుకున్నారా?"

"లేదండి. అలా జరిగిపోయింది."

ఆయన కలం చివర కొరుక్కుంటూ కాసేపు ఆలోచించారు. తర్వాత నన్ను సందిగ్ధంలో రాశారు. ఆ గడిలో నేనొక్కణ్ణే. విశాలంగానే ఉంది.

మొత్తం యాభై ఎనిమిది మందిమి. ముప్పై తొమ్మిది మంది మాంసాహారులు, పద్దెనిమిది మంది పుట్టు శాకాహారులు, నేను. ముప్పై తొమ్మిది మందీ ఆ పూటే సంతకాలు పెట్టేశారు. సాయంత్రం ఐదు తర్వాత ఉద్యోగి మీద ఆఫీసుకి అధికారం ఉండదు కనుక, శాకాహారం పని వేళలకే పరిమితమని త్రివిక్రమ్ గారు న్యాయ సలహా తెచ్చారు. ఉచితంగా టిఫిను, సాయంత్రం ఇంట్లో కోడికూర. అభ్యంతరం ఎవరికుంటుంది?

అభ్యంతరం దీక్షితులు గారికి వచ్చింది. ఆయన మా అకౌంటెంటు. పుట్టు శాకాహారి. రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది.

"ఏమయ్యా త్రివిక్రమ్, నేను జన్మలో ముట్టలేదు. నాకెందుకివ్వరు టోస్టు?"

"పథకం నూతన శాకాహారులకి సార్. మీరు పాతవారు."

"పాతవాణ్ణయితే ఇంకా మంచిది కాదుటయ్యా?"

"మీలో పరివర్తన లేదు సార్. పరివర్తన లేనిచోట ప్రోత్సాహకం ఇస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది."

ఆడిట్ పేరు వినగానే దీక్షితులు గారు పెరుగన్నం డబ్బా తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

కాంటీను నూకరత్నానిది. మేడ వెనక రేకుల షెడ్డు. పూర్వం అత్తగారు నడిపేది, పదకొండేళ్ళుగా తను నడుపుతోంది. భర్త చేపల వేటకి వెళ్ళి పడవలోనే జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆ ఇల్లు ఈ షెడ్డు మీదే నిలబడింది. మా ఆవిడ సత్యవేణి పోయాక నేను తిరిగి ఆఫీసుకి వచ్చిన మొదటి రోజు, పదకొండింటికి నా బల్ల మీదకి ఒక టీ వచ్చింది. పావుగంటకి రెండోది వచ్చింది. నేను చెప్పింది ఒక్కటే. ఆ రెండో టీ మూడేళ్ళుగా వస్తూనే ఉంది. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు.

పథకం మొదటి వారం టోస్టు మీద ఏం పెట్టాలో డైరెక్టర్ గారే శిబిరం నుంచి రాసుకొచ్చారు. ఒక ఆకు, దాని మీద రెండు కీర దోసకాయ చక్రాలు, దాని మీద మిరియం పొడి. అందరూ తొమ్మిదిన్నరకి తిన్నారు. పదింపావుకి ఎవరూ ఫైలు తెరవలేదు. పదకొండు అయ్యేసరికి సెక్షన్లు సెక్షన్లే లేచి గేటు బయట కోడిగుడ్డు బోండాల బండి దగ్గరికి నడిచాయి. త్రివిక్రమ్ గారు గేటు దగ్గర నిలబడి పేర్లు రాసుకున్నారు. బుధవారం నాడు పదిహేడు మార్గభ్రంశాలు. గురువారం ఇరవై నాలుగు.

శుక్రవారం సమీక్షా సమావేశం. డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "శాకాహారం కేవలం ఆహారం కాదు. అదొక పరిపాలనా విధానం" అన్నారు. "విధానంలో లోపం ఉండదు. లోపం ఎప్పుడూ అమలులోనే ఉంటుంది. అమలు చేసేదెవరు?"

"ఉపాహారశాల నిర్వాహకురాలు సార్" అన్నారు త్రివిక్రమ్ గారు.

"ఆమెలో సంకల్ప దారుఢ్యం కొరవడింది. మండలం ముగిసే నాటికి నలభై మంది స్థిరమైన నూతన శాకాహారులు లేకపోతే, ఉపాహారశాలను అర్హత గల బయటి ఏజెన్సీకి అప్పగించండి."

ఆ సంగతి మినిట్స్ టైపు చేసింది నేనే. నూకరత్నానికి చెప్పాల్సి వచ్చిందీ నేనే.

తను గ్లాసులు కడుగుతోంది. విని, చేతిలో గ్లాసు మళ్ళీ ఇంకోసారి కడిగింది.

"అన్నయ్యగారండి, ఆకు కింద రొట్టె పెట్టి ఇత్తే మనిషికి ఆకలి తీరుద్దాండి? మేకకైనా తీరదు. దానికి నా సంకల్పం ఏం చేత్తాదండి? నన్ను పొమ్మంటే నేనెక్కడికి పోనండి? ఇంట్లో ఆయన మంచం మీంచి లేవడు."

"రేపు పొద్దున్న పెందలాడే వస్తాను" అన్నాను. "నా దగ్గర ఒక పద్ధతుంది."

పద్ధతి అన్నాను గాని, అది పద్ధతిగా పుట్టింది కాదు. సత్యవేణి పోయిన కొత్తల్లో నాకు పొయ్యి వెలిగించాలంటే చేతులాడేవి కావు. వీధి చివర బేకరీలో రొట్టె కొనుక్కునేవాణ్ణి. ఒట్టి రొట్టె రెండు రోజులు తిన్నాను. మూడో రోజు డబ్బాలో ఉన్న అలసందలు కనబడ్డాయి. తను పోసి పెట్టినవే. నానబోసి ఉడకబెట్టి గరిటె వెనక్కి తిప్పి మెదిపి, ఉల్లిపాయ తరిగి కలిపి రొట్టె మీద పెట్టుకుని తిన్నాను. ఆ పూట మధ్యాహ్నం ఒంటిగంట దాకా నాకు ఆకలి గుర్తు రాలేదు. మొదటిసారి రొట్టె తడిసి విరిగి చొక్కా మీద పడింది. ఆ తర్వాత నేర్చుకున్నాను. రొట్టెని పెనం మీద రెండువైపులా గట్టిగా కాల్చాలి. కూర పెట్టే ముందు పల్చగా నెయ్యి రాయాలి, అప్పుడు తడి లోపలికి దిగదు. అంచులు వేలెడు వదిలెయ్యాలి. ఇంతే విద్య.

శనివారం ఎనిమిదింటికే షెడ్డుకి వెళ్ళాను. అలసందలు నానబోసి తీసుకెళ్ళాను. నూకరత్నం ఉడికించి మెదిపింది. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, నిమ్మరసం. సోమవారం బొంబాయి చట్నీ చేసింది. శనగపిండి మామూలు కంటే గట్టిగా కలిపి, గరిటె జారకుండా నిలబడేటట్టు. మంగళవారం గుడ్డలో వడకట్టిన పెరుగులో వేరుశనగ పొడి, కీర దోసకాయ ముక్కలు. డైరెక్టర్ గారి కీర దోసకాయని కూడా గౌరవించినట్టవుతుందని నేనే చెప్పాను. బుధవారం చిలగడదుంప ఉడికించి మెదిపి దాని మీద నువ్వుల కారం చల్లింది.

"ఇది మీకెవరు చెప్పారండి?" అంది, వేలితో కొంచెం తీసి రుచి చూసి.

"ఎవరూ చెప్పలేదు. ఆ పూట ఇంట్లో అవే ఉన్నాయి."

"వదినగారు చూత్తే నవ్వుదురండి."

"నవ్వేదే" అన్నాను. "తినేది కూడా."

గురువారం పదకొండున్నరకి బోండాల బండి ఆయన స్వయంగా ఆఫీసులోకి వచ్చాడు. "ఏమైందండి బాబూ, అందరూ బాగానే ఉన్నారా? ఏదైనా సెలవా?" అని అడిగి, అందరూ పని చేసుకోవడం చూసి ఇంకా కంగారుపడి వెళ్ళిపోయాడు.

ఇక్కడితో కథ అయిపోవాలి. ఆఫీసు గనక అవలేదు. విజయం వచ్చాక దానికి ప్రమాణాలు కావాలి. త్రివిక్రమ్ గారు స్కేలు తీసుకొచ్చారు. ఉపరిలేపనం మందం అరంగుళానికి తగ్గరాదు, ముప్పావంగుళానికి మించరాదు. పళ్ళేన్ని ఏటవాలుగా వంచితే అది అర నిమిషం జారకూడదు. దీని పేరు స్థిరత్వ పరీక్ష. పరీక్షలో జారినవి ఆయనే తినేవారు. మొదట్లో రోజుకొకటి జారేది, రెండో వారానికి నాలుగేసి జారడం మొదలుపెట్టాయి. రోజూ పదకొండున్నరకి నిండుదనం రిజిస్టరు తిరిగేది. ప్రతి లబ్ధిదారుడూ "ఆకలి లేదు" అని రాసి సంతకం పెట్టాలి. డిస్పాచ్ సెక్షనులో ఒకాయన "కొంచెం ఉంది" అని రాస్తే, ఆ కొంచెం ఎంతో మూడు రోజుల్లోగా తెలపమని మెమో ఇచ్చారు.

పుట్టు శాకాహారులకి ఉపరిలేపనం ఇవ్వరాదని షెడ్డు గోడకి నోటీసు అంటించారు. నూకరత్నం దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"పైన పెట్టకూడదనే కదండి రాసింది?"

"అంతే రాసింది."

మర్నాడు దీక్షితులు గారికి పళ్ళెంలో ఒట్టి రొట్టె కనబడింది. ఎత్తి చూస్తే అలసందల ముద్ద కింద ఉంది. టోస్టు బోర్లించి ఇచ్చిందన్నమాట. ఆయన అటూ ఇటూ చూసి, రొట్టెని తిరగెయ్యకుండా అలాగే తిన్నారు. తిరగేస్తే నిబంధన ఉల్లంఘన అవుతుందని ఆయన ఉద్దేశం. వారం తిరిగేసరికి పద్దెనిమిది మంది పుట్టు శాకాహారులూ బోర్లా తింటున్నారు. పైన ఉన్నవాటిని మాత్రమే తనిఖీ చేసే అధికారం ఉంది కనుక త్రివిక్రమ్ గారు కింద ఏముందో చూడలేదు. ఆయన కూడా మనిషే. ఆ మాట నేను మనసులో చాలాసార్లు అనుకున్నాను.

నాకు మాత్రం పైనా లేదు, కిందా లేదు. సందిగ్ధానికి ఏం ఇవ్వాలో సర్క్యులర్లో లేదు. నూకరత్నం నా టోస్టుని నిలువుగా గోడకి ఆనించి ఇస్తానంది. వద్దన్నాను. ఇంట్లోనే తిని వచ్చేవాణ్ణి.

ముప్పై అయిదో రోజుకి ముప్పై తొమ్మిది మంది స్థిరపడ్డారు. నలభయ్యోవాడు లేడు. ఆఫీసులో మిగిలిన మాంసాహారి ఎవరూ లేరు. అప్పుడు నా గడి అందరికీ గుర్తొచ్చింది. నన్ను నూతన శాకాహార నిర్ధారణ సంఘం ముందుకి పిలిచారు. అధ్యక్షులు డైరెక్టర్ గారు, కార్యదర్శి త్రివిక్రమ్ గారు. సభ్యులు లేరు.

"గవర్రాజు గారూ, మీరు పూర్వం మాంసాహారి అనడానికి దరఖాస్తులో ప్రత్యక్ష సాక్షి సంతకం ఉండాలి" అన్నారు త్రివిక్రమ్ గారు. "మిగతా ముప్పై తొమ్మిది మందీ ఒకరికొకరు పెట్టుకున్నారు. మీకు తోటి ఉద్యోగులెవరూ పెట్టలేమంటున్నారు. మీ క్యారేజీలో పప్పూ పెరుగూ తప్ప ఎప్పుడూ చూడలేదంటున్నారు."

"నిజమేనండి. చాలా ఏళ్ళుగా ఆఫీసుకి చేప తేవడం లేదు. దానికొక కారణం ఉండేది. ఆ కారణం లేనట్లే భావించమన్నారు."

"సరే, ఇంట్లో? ఎవరు చూశారు?"

"మా ఆవిడండి."

"అయితే ఆవిడ సంతకం తీసుకురండి."

డైరెక్టర్ గారు ఫ్యానువైపు చూశారు. త్రివిక్రమ్ గారికి గుర్తొచ్చి ముఖం ఎర్రబడింది.

"క్షమించండి" అన్నారు మెల్లిగా. వెంటనే కార్యదర్శి స్వరం తెచ్చుకుని, "కాని ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండటానికి వీల్లేదు" అన్నారు.

"పక్కింటివాళ్ళు సంతకం పెడతారండి."

"పొరుగువారిది వాసన సాక్ష్యం అవుతుంది. వడ్డించినవారిది శ్రేష్ఠం."

"నాకు వడ్డించింది ఆవిడొక్కతేనండి" అన్నాను. నా దరఖాస్తు పక్కన పెట్టారు.

ముప్పై తొమ్మిదో రోజున త్రివిక్రమ్ గారు ఇంకో మార్గం కనిపెట్టారు. మాంసాహారి మిగలకపోతే మాంసాహారిని తయారుచేసుకోవాలి. పుట్టు శాకాహారుల్లో ఒకరు స్వచ్ఛందంగా ఒక ముక్క తిని, మరుక్షణం పశ్చాత్తాపపడి మానేస్తే, ఆయన నూతన శాకాహారి అవుతారు. సీనియారిటీ ప్రకారం మొదటి అవకాశం దీక్షితులు గారిది.

"మింగక్కర్లేదు సార్" అన్నారు త్రివిక్రమ్ గారు ఆయన్ని బుజ్జగిస్తూ. "నమిలితే చాలని న్యాయ సలహా తీసుకున్నాను."

దీక్షితులు గారు పళ్ళ సెట్టు సర్దుకున్నారు.

ఆ మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "ఏం చెయ్యమంటావయ్యా గవర్రాజూ? నా వల్ల ఒకటి తక్కువై ఆ పిల్ల కాంటీను పోయిందనుకో. నాకు మూడు నెలల్లో పెన్షనొస్తుంది. దానికేమొస్తుంది?"

"మీరు తినగలరా అండి?"

"తినలేను. అయినా తింటాను. నెల రోజులుగా నాకు బోర్లించి పెడుతోందయ్యా. ఇంట్లో కోడలు కూడా అంత ఆలోచించదు."

నలభయ్యో రోజు పదకొండింటికి సంఘం సమావేశమైంది. హోటల్ నుంచి కోడివేపుడు ముక్క ఒకటి తెప్పించి, ఆఫీసు కవరులో పెట్టి, కవరు మీద "కార్యాలయ వినియోగార్థం" అని రాశారు. పక్కన పశ్చాత్తాప పత్రం ముందే టైపు చేసి ఉంది. అదీ నా చేతే చేయించి, మినిట్స్ రాయడానికి నన్నూ అక్కడే కూర్చోబెట్టారు. దీక్షితులు గారు కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకున్నారు. త్రివిక్రమ్ గారు కవరు విప్పారు.

తలుపు తోసుకుని నూకరత్నం వచ్చింది. చేతికి ఇంకా శనగపిండి ఉంది.

"ఆగండి! ఆయన చేత అది తినిపించి నేను కాంటీను నిలబెట్టుకోనండి. ఇదిగో షెడ్డు తాళాలు. మీ ఏజెన్సీకి ఇచ్చేసుకోండి."

"నూకరత్నం, ఇది పరిపాలనా విషయం" అన్నారు డైరెక్టర్ గారు.

"పెద్దాయన కళ్ళు ఎలా మూసుకున్నారో చూడండి. అది కూడా పరిపాలనేనాండి?"

దీక్షితులు గారు కళ్ళు తెరవకుండానే, "నువ్వు వెళ్ళమ్మా, ఒక్క ముక్కే కదా" అన్నారు. పాపం, ఆయన గొంతు ఆ మాట నమ్మలేదు.

కవరు పూర్తిగా విప్పేసరికి మసాలా వాసన గదంతా కమ్ముకుంది. తలుపు సందుల్లోంచి వరండాలోకి కూడా వెళ్ళింది. ఇదే గదిలో, ఇలాగే, ఒక వాసన ఇంతకుముందు కమ్ముకున్న రోజు ఒకటుంది. పద్నాలుగేళ్ళుగా నేను లేనట్లే భావిస్తున్న రోజు. ఇన్నాళ్ళు ఎంత విధేయంగా భావించానో అప్పుడే నాకు అర్థమైంది.

నేను లేచి నిలబడ్డాను.

"అయ్యా, లేనట్లే భావించవలసిన ఒక సంగతిని కాసేపు ఉన్నట్లు భావించడానికి అనుమతి కావాలి."

"ఎంతసేపు?" అన్నారు డైరెక్టర్ గారు.

"పావుగంటండి."

అనుమతి ఇచ్చారు. దీక్షితులు గారిని అలాగే ఉండమన్నారు. నూకరత్నం వెళ్ళి ఆయన పక్కన నిలబడింది, కవరుకీ ఆయనకీ మధ్య.

మా రికార్డు గది జోగారావుది. నాతో పాటే ఉద్యోగంలో చేరాడు. కాగితం లోపలికి వెళ్తే మళ్ళీ బయటికి రానివ్వడు.

"పద్నాలుగేళ్ళ నాటి మెమో కావాలి జోగారావూ. నాదే. రద్దయింది."

"రద్దయినవి కింది అరలో ఉంటాయోయ్. రద్దు చేసిన ఆర్డర్లు పై అరలో. ఏది కావాలి?"

"దానికి జతపరిచిన సంజాయిషీ."

"అది రద్దు కాలేదు కదా. మధ్య అరలో ఉంటుంది" అని, దుమ్ము దులిపి తీశాడు. గదిలోకి తనే పట్టుకొచ్చాడు. నా చేతికివ్వలేదు.

త్రివిక్రమ్ గారు చదివారు. పద్నాలుగేళ్ళ కిందట ఆ రోజున పై ఆఫీసు నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. నా క్యారేజీ మూత వదులై వంకాయ మెత్తళ్ళ కూర వాసన తనిఖీ గదిలోకి వచ్చింది. భోజన పాత్ర నుండి వెలువడిన మత్స్యగంధమునకు కారణము తెలుపవలెననీ, వండినవారి వాంగ్మూలము వారి స్వదస్తూరీతో జతపరచవలెననీ నాకు మెమో ఇచ్చారు. సత్యవేణి ఆ మెమో చదివి చాలాసేపు నవ్వింది. తర్వాత కాగితం తీసుకుని, కలం విదిలించి, రాసిచ్చింది. ఆ ఉత్తరం చదివాకే పై అధికారి మెమో రద్దు చేశారు. ఆ తర్వాత తను నాకు ఆఫీసుకి ఎప్పుడూ చేప కట్టలేదు.

"అయ్యా, సదరు రోజున వంకాయ మెత్తళ్ళు వండి మా వారికి కట్టి ఇచ్చినది నేనే. మూత సరిగా బిగించనిది కూడా నేనే. ఆయన తప్పు లేదు. మధ్యాహ్నం గిన్నె ఖాళీగా తెచ్చారు. రాత్రి మిగిలిన కూర నా ఎదుటనే రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. వాసన వచ్చినందుకు మన్నించగలరు. కూర మాత్రం బాగా కుదిరింది. ఇట్లు, సత్యవేణి."

త్రివిక్రమ్ గారు ఆఖరి వాక్యం చదివి కాగితం దించలేదు.

"నా ఎదుటనే అని ఉంది సార్" అన్నారు. "ప్రత్యక్ష సాక్ష్యం. వడ్డించినవారిదే. సంతకం కూడా ఉంది."

"మెమో రద్దయింది కదా" అన్నారు డైరెక్టర్ గారు.

"మెమో రద్దయింది సార్, సంజాయిషీ రద్దు కాలేదు" అన్నాడు జోగారావు తలుపు దగ్గర నుంచి. ఉద్యోగంలో చేరాక అతను సమావేశంలో మాట్లాడటం అదే మొదటిసారి.

"మత్స్యం మాంసం కిందికి వస్తుందా?"

ఈ ప్రశ్న మీద కొంత చర్చ జరిగింది. మెత్తళ్ళు ఎండినవి కనుక వాటిని ఎండిన కూరగాయలతో సమానంగా చూడాలా అని డైరెక్టర్ గారు అడిగారు. ఎండక ముందు ఈదినట్టు ఆధారం ఉందన్నారు త్రివిక్రమ్ గారు. ఆధారం ఏమిటో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. డైరెక్టర్ గారు గడియారం చూసుకుని సంతకం పెట్టారు. నేను నలభయ్యో నూతన శాకాహారిని అయ్యాను.

నూకరత్నం తాళాలు తిరిగి కొంగున ముడేసుకుంది. దీక్షితులు గారు కళ్ళు తెరిచి, "అయిపోయిందా? తినేశానా?" అని అడిగారు.

"లేదండి బాబూ, మీరు రండి" అని ఆయన్ని చెయ్యి పట్టుకుని షెడ్డుకి తీసుకెళ్ళింది. వెనకాలే నేను వెళ్ళాను. ఆయనకి చిలగడదుంప టోస్టు బోర్లించి ఇచ్చింది. నాకు మొదటిసారి పైనే పెట్టి ఇచ్చింది. కవరులోని ముక్క మాత్రం స్థిరత్వ పరీక్షకి లోనైందని తర్వాత తెలిసింది.

పథకం ఇప్పటికీ నడుస్తోంది. డైరెక్టర్ గారికి పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. అందులో నూకరత్నం పేరు లేదు గాని కాంటీను మాత్రం నూకరత్నం పేరునే ఉంది. దరఖాస్తు ఫారం వెనక వైపు ఎవరూ చదవని నిబంధన ఒకటుంది. ప్రతి నెల మొదటి తారీఖున లబ్ధిదారుడు తన మూల సాక్ష్యపత్రమును రికార్డు గదిలో స్వయముగా, క్షుణ్ణముగా చదివి సరిచూచుకొని సంతకము చేయవలెను. మిగతా ముప్పై తొమ్మిది మందీ వెళ్ళి చదవకుండానే సంతకం పెట్టి వచ్చేస్తారు.

నేను పదకొండింటికి వెళ్తాను. ఆ రోజు నూకరత్నం టోస్టూ టీ అక్కడికే పంపుతుంది. పావుగంటకి రెండో టీ వస్తుంది. జోగారావు ఫైలు తీసి బల్ల మీద పెట్టి, కాగితం మీద నెయ్యి మరక పడకుండా కాపలా కూర్చుంటాడు. సత్యవేణి అక్షరాలు కొంచెం పక్కకి వాల్చి రాసేది. సంతకంలో ఆఖరి అక్షరానికి గుడి కొంచెం పెద్దది.

మొన్న ఒకటో తారీఖున జోగారావు విసుక్కున్నాడు.

"ఏడే లైన్లోయ్ అది. ఎంతసేపు చదువుతావు?"

"నిబంధనలో క్షుణ్ణంగా అని ఉంది కదా జోగారావూ" అన్నాను.

అతను తన ఫారం కూడా తిప్పి వెనక వైపు చూసుకున్నాడు. ఆ మాట ఉంది. రెండో టీ గ్లాసు నా వైపు జరిపి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.